నలభై కాయల బరువు

నర్సాపురం రేవుకి వెళ్ళే దారిలో, పంచర్ల కొట్టు పక్కన
జిప్పులూ చక్రాలూ బాగుచేసే కొట్టు నాది.
కువైట్ నుంచి, మస్కట్ నుంచి
నడుం విరిగిన పెట్టెలు ఇక్కడికే చేరతాయి.
చూడగానే చెప్పేస్తాను,
ఏది విమానంలో దెబ్బతిందో,
ఏది మన గోతుల్లో ఆటో కుదుపుకి ఓడిందో,
ఏది తాళంచెవి పోయి, కోపంగా తన్నితే పగిలిందో.

కొత్తవి కూడా నాలుగైదు వేలాడదీసి అమ్ముతాను.

మొన్న మొదటి పంటు దిగి కేశనపల్లి సలోమి వచ్చింది.
ఆటో కుర్రాడు గోనెసంచి దించాడు.
విప్పితే, వలిచిన కొబ్బరికాయలు నలభై.
"అమ్మకానికా?"
"తూకానికి. ఇరవైమూడు కేజీలు.
కొట్లో కాటా మీద పెద్దది తీసి చిన్నది వేసి
సరిగ్గా తెచ్చాను."

ఆమెకిది ఏడో ప్రయాణం.
మొదటిసారి ఎరువు తెచ్చుకున్న పెట్టె;
వరసలో నిలబడగానే పిడి చేతికొచ్చేసింది.
నాలుగోసారి బెల్టు మీదే జిప్పు పగిలింది.
ఎండురొయ్యలు, లోపావడాలు, బైబిలు
ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతుంటే
వాటి వెనక తనూ తిరిగింది.
"అందరూ చూశారు," అంది. అంతే.

మెరిసే గులాబీ రంగు పెట్టె ముందు పెట్టాను.
"గట్టి పెంకండి, పడేసినా పగలదు."
వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వింది.
"లేతకాయ," అని పక్కకి నెట్టింది.

నాలుగు చక్రాలది చూపించాను.
కొట్టు ముందు వాలులో నిలబెట్టి చెయ్యి వదిలింది.
అది తనంతట తాను మురిక్కాలవ దాకా వెళ్ళి ఆగింది.
"నేను లాక్కుండా ఎల్లిపోయేది నాకెందుకు?"

మూడోదానికి అంకెల తాళం ఉందని గొప్పగా చెప్పాను.
నా జేబులో పెన్ను తీసుకుని
జిప్పు పళ్ళ మధ్య గుచ్చింది. నోరు తెరిచింది పెట్టె.
తాళం తాళంలాగే ఉంది.
ఇరవయ్యేళ్ళుగా నాకీ సంగతి తెలుసు.
కొన్నవాళ్ళెవరికీ చెప్పలేదు.
ఆ పూట నా కొట్లో నేను కూర్చోలేకపోయాను.

లోపలికి వెళ్ళి అటక మీంచి ఒకటి దించాను.
ముదురు గుడ్డ పెట్టె. రెండే చక్రాలు.
ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రాలేదు.
చీటీ మీద పేరు చెమ్మకి చెరిగిపోయింది.
ఖాళీ మధ్యాహ్నాల్లో దాన్ని పట్టుకుని కూర్చునేవాణ్ణి.
మూలలకి తోలు వేశాను,
వలలు అల్లే దారంతో పిడి రెండు వరసలు కుట్టాను,
ఇనప బేరింగుల చక్రాలు బిగించాను.
అమ్ముదామని చేసింది కాదు.

"వాళ్ళొస్తే?" అంది.
"ఆరేళ్ళయింది."
కాసేపు ఆ చెరిగిన చీటీనే చూసింది.
తరవాత కాయలు ఒక్కొక్కటీ పేర్చింది,
అడుగున పెద్దవి, సందుల్లో చిన్నవి,
ఎన్నోసార్లు సర్దిన చేతులు.

రేవు దాకా లాక్కెళ్ళింది. నేను వెనకాలే.
కంకర మీద, చేపలబుట్టల తడి మీద,
పంటు ఎక్కే ఇనపరేకు మీద, మళ్ళీ కిందికి.
వరద నీటి వాసన, డీజిలు వాసన.
చక్రం ఒకసారి కిర్రుమంది.
నా గుండె ఆగింది. అది చక్రం కాదు, రేకు.

"ఒక్కటి మిగిలింది," అంది.
పెట్టెని పడుకోబెట్టి దాని మీద కూర్చుంది.
"బాంబేలో విమానం మారేటప్పుడు రాత్రంతా ఇదే కుర్చీ."

ధర చెప్పాను. సగానికి అడిగింది.
"మళ్ళీ ఇన్ని కాయలు మోసుకెళ్ళలేను,
అవి నువ్వుంచుకో, డబ్బుల్లో కొట్టెయ్యి" అంది.
ఒక్కో కాయకెంత అని మేం తెగ్గొట్టుకునేలోపు
పంటు కట్టు విప్పేసింది.
తరవాతది ముప్పావుగంటకి.
ఆమె లేవలేదు,
కాయల మీద, గోదారి వైపు తిరిగి, కాళ్ళు చాపుకుని.
నేను వంగి చూశాను.
మూలలు కుంగలేదు.